సున్నం కింద నియోజకవర్గం

మా కాలనీ ముందు ఒక సందు ఉంది. సందుకు అవతల ఒకే ఒక్క గది. రెండు కిటికీలు, ఒక తలుపు, పైన రేకులు. లోపల ఒక ఇనుప బీరువా. ఏదో పాత రైల్వే క్లబ్బు మూసేసినప్పుడు చెత్తలో పోవాల్సిన తెలుగు పుస్తకాలను మా నాన్నావాళ్ళు రిక్షాలో వేసుకొచ్చి ఆ బీరువాలో పెట్టారు. ఆదివారాలు మా అమ్మ అక్కడ కాలనీ పిల్లలకు అఆలు నేర్పుతుంది. మిగతా ఆరు రోజులూ గది నాది. నాదని ఎవరూ రాసివ్వలేదు. ఇంకెవరూ రారు కనుక నాది.

నేను నలుగురిలో మాట్లాడలేను. ఇంటికి చుట్టాలొస్తే మంచినీళ్ళిచ్చి, ఏదో పనున్నట్టు చెప్పులేసుకుని, సందు దాటి ఆ గదిలో కూర్చుంటాను. బడిలో హిందీ, సందులో ఛత్తీస్‌గఢీ, ఇంట్లో శ్రీకాకుళం యాస. పుస్తకాల్లో ఉండే తెలుగు మాత్రం నాకు ఆ బీరువాలోనే దొరికింది. అందుకే ఆ గదిని కూల్చేస్తామని నోటీసు వచ్చిన రోజు, కాలనీలో అందరికీ ఒక గది పోతున్నట్టు ఉంటే, నాకు మాత్రం నోరు పోతున్నట్టు అనిపించింది.

ఆ నోటీసు సంగతి అర్థం కావాలంటే ముందు మా పాత నియోజకవర్గం చరిత్ర చెప్పాలి. ఆ నియోజకవర్గం ఇప్పుడు లేదు. మనిషి పోతే ఫోటోకు దండ వేస్తారు. నియోజకవర్గం పోతే ఏం వేస్తారో ఎవరికీ తెలిసినట్టు లేదు. దాని చరిత్ర ఎవరూ రాయలేదు కనుక నా డైరీలో ఉన్నంతే చరిత్ర.

ఛత్తీస్‌గఢ్ రాష్ట్రం వచ్చినప్పుడు నాకు ఆరేళ్ళు. రాయపూర్ ఒక్కసారిగా రాజధాని అయింది. మేము మాత్రం శివారులోనే ఉన్నాం. టాటీబంధ్ కూడలికి కొంచెం ఇవతల, లారీలు ఊపిరి పీల్చుకోవడానికి ఆగే చోట, శ్రీకాకుళం నుంచి పనికొచ్చినవాళ్ళ మా తెలుగు కాలనీ. సగం ఇళ్ళు రైల్వే వాళ్ళవి, సగం ఇనుము కరిగించే మిల్లుల్లో పనిచేసేవాళ్ళవి. మా అసెంబ్లీ సీటులో మాలాంటి కాలనీలు నాలుగైదు, ఆ వెనక బోలెడు వరి పొలాల పల్లెలు ఉండేవి. పట్నం వాళ్ళు మమ్మల్ని పల్లెటూరివాళ్ళనేవారు. పల్లెల వాళ్ళు మమ్మల్ని పట్నం వాళ్ళనేవారు. పల్లెల పథకం వస్తే మేము పట్నం వాళ్ళం, పట్నం పథకం వస్తే పల్లెటూరివాళ్ళం.

మా ఎమ్మెల్యేను అందరూ భయ్యాజీ అనేవారు. ఆయన అయిదేళ్ళకోసారి వచ్చి చేతులు జోడించి "బాగున్నారా" అని తెలుగులో అడిగేవాడు. ఎవరైనా బాగాలేమని తెలుగులో చెబితే సంతోషంగా తల ఊపి ముందుకు వెళ్ళేవాడు. ఆయనకు ఆ ఒక్క మాట నేర్పింది మేస్త్రీ మావయ్య.

మేస్త్రీ మావయ్య గురించి ఇక్కడే చెప్పాలి. ఆయన పట్టాల మరమ్మతు గ్యాంగుకు మేస్త్రీగా ముప్పై ఏళ్ళు పనిచేశాడు. మా కాలనీ సంఘానికి ఎప్పటినుంచో ప్రెసిడెంటు. ఎన్నిక జరగలేదు, ఆయన కుర్చీలో కూర్చున్నాడు, అంతే. మాకు చుట్టమేమీ కాదు, కానీ కాలనీ పిల్లలందరికీ మావయ్యే.

ఆ గది కట్టింది కాలనీవాళ్ళు, ఇంటికి ఇన్ని ఇటుకలని వేసుకుని. ప్రారంభించింది మాత్రం భయ్యాజీ. తెర లాగితే పాలరాతి పలక కనిపించింది, దాని మీద ఆయన పేరు. చప్పట్లు కొట్టాం. పలక గోడకు బిగించి లేదు, స్టూలు మీద నిలబెట్టి ఉంది. మేము లడ్డూలు తింటుండగా ఆయన మనుషులు పలకను గోనెసంచిలో చుట్టి జీపులో పెట్టుకున్నారు. అదే రోజు మధ్యాహ్నం పక్క పల్లెలో ఇంకో గది ప్రారంభం ఉందట. పలక మీద ఏ గది అన్నది రాయలేదు కనుక ఎక్కడైనా సరిపోయేది. పలక తిరిగి రాలేదు. ఇప్పటికీ ఏదో ఒక ఊళ్ళో ఏదో ఒకటి ప్రారంభిస్తూ ఉండే ఉంటుంది.

గది కట్టిన తరువాత ఎన్నికలొచ్చాయి. రాష్ట్రం వచ్చాక మొదటి ఎన్నికలు. చుట్టుపక్కల పక్కా గది అదొక్కటే కావడంతో దాన్ని పోలింగు బూత్ చేశారు. అప్పటినుంచి గదికి దశ తిరిగింది. ముసలివాళ్ళు ఎక్కడానికి వాలు అరుగు కట్టించారు. బల్బు హోల్డరు వచ్చింది. బయట కుళాయి వచ్చింది. బూత్‌కు కావలసినవన్నీ వచ్చాయి. బూత్‌కు అక్కర్లేనిది ఏదీ రాలేదు. రేకుల్లో చిల్లులు అలాగే ఉన్నాయి, పోలింగు చలికాలంలో కదా. ఓట్లు అయిన మరునాడు హోల్డరులోంచి బల్బు తీసుకెళ్ళారు. హోల్డరు మాకు వదిలేశారు.

అప్పటికి నాకు తొమ్మిదేళ్ళు. డైరీ రాయడం అప్పుడే మొదలుపెట్టాను. నాన్న పనిచేసే వ్యాగన్ల షెడ్డులో కొత్త సంవత్సరం డైరీలు ఆఫీసర్లకు పంచేవారు. కిందటేడు పంచగా మిగిలినవి ఈ ఏడు నాన్నలాంటి వాళ్ళకు ఇచ్చేవారు. అందుకని నా డైరీలన్నీ ఒక ఏడాది వెనకబడి ఉంటాయి. అచ్చయిన సంవత్సరం కొట్టేసి అసలు సంవత్సరం నేనే రాసుకునేదాన్ని. ఈ సంగతి తరువాత నా ప్రాణం తీసింది, అందుకని ముందే చెబుతున్నాను.

నేను తొమ్మిదో క్లాసులోకి వచ్చేసరికి మా నియోజకవర్గం రద్దయింది. దాన్ని హిందీలో పరిసీమన్ అంటారు, సీట్ల హద్దులు కొత్తగా గీయడం. ఎక్కడో బల్ల మీద మ్యాపు పరిచి గీసి ఉంటారు. మా సీటును ముక్కలు చేసి చుట్టుపక్కల సీట్లలో కలిపారు. ఒక హద్దు సరిగ్గా మా సందులోంచి వెళ్ళింది. నాన్న పేపరు తెచ్చి, మా అమ్మ బియ్యంలో రాళ్ళు ఏరే కళ్ళద్దాలు పెట్టుకుని, గీత మీద వేలు పెట్టుకుంటూ వెళ్ళాడు.

"ఇదిగో, మనం ఇటేపు సీటులోన ఉన్నాం. గది అటేపు సీటులోకి ఎల్లిపోనాది."

"గదిలోన ఎవులున్నారని ఓట్లేత్తారు? బల్లులేటి?" అంది అమ్మ.

అమ్మ సరదాకు అన్నదే కానీ, ఆ తరువాత జరిగిన రాజకీయమంతా ఆ మాటలోనే ఉంది. మా ఓట్లన్నీ సందుకు ఇటు, ఒక సీటులో. మా గది ఒక్కటే సందుకు అటు, ఇంకో సీటులో. మా బూత్ హైవేకి అవతల బడికి మారింది. పోలింగు రోజున లారీల మధ్య రోడ్డు దాటించడానికి పార్టీలవాళ్ళు ఆటోలు పంపేవారు. అయిదేళ్ళలో మమ్మల్ని ఎవరైనా రోడ్డు దాటించేది ఆ ఒక్క రోజే.

భయ్యాజీకి కొత్త సీట్లలో దేనిలోనూ టికెట్టు రాలేదు. ఇంటి ముందు బోర్డులో పేరు కింద 'మాజీ ఎమ్మెల్యే' అని, దాని కింద మా నియోజకవర్గం పేరు రాయించుకున్నాడు. మాజీ నియోజకవర్గానికి మాజీ ఎమ్మెల్యే. ఒకసారి మా కాలనీలో పెళ్ళికి వచ్చి, మేస్త్రీ మావయ్య చెవిలో, "ఇప్పుడు మీరు ఎవరి కిందికి వస్తారు?" అని అడిగాడు. ఆయనకు తెలియకపోతే మాకేం తెలుస్తుంది.

ఇదీ చరిత్ర. ఇక నోటీసు.

నాలుగైదేళ్ళ కిందటి మాట. టాటీబంధ్‌లో ఫ్లైఓవర్ పని నడుస్తోంది, చుట్టుపక్కల రోడ్లు వెడల్పు చేస్తామన్నారు. అప్పటికి నాకు నయా రాయపూర్‌లో ఒక సర్కారు ఆఫీసులో కంప్యూటరు మీద ఉత్తరాలు నమోదు చేసే ఉద్యోగం వచ్చింది. పొద్దున్నే బస్సెక్కి, ఎనిమిది కార్లు పక్కపక్కన పోగలిగే రోడ్డు మీద ఒక్క కారూ కనబడని ఆ కొత్త రాజధానికి వెళ్ళి, చీకటి పడే వేళకు తిరిగొచ్చేదాన్ని. ఒకరోజు వచ్చేసరికి గది తలుపుకు కాగితం అంటించి ఉంది. ఈ కట్టడం రికార్డుల్లో లేదు, ఆక్రమణ కింద తొలగిస్తాం, పాతకాలం నుంచి ప్రజలు వాడుకుంటున్నారని రుజువుంటే రెవెన్యూ అధికారి వచ్చే రోజున చూపించండి అని దాని సారాంశం.

మేస్త్రీ మావయ్యా నాన్నా ఇద్దరు ఎమ్మెల్యేల దగ్గరికీ వెళ్ళారు. ఇటువైపు సీటు ఎమ్మెల్యే, "మీరు నావాళ్ళే, గది నాది కాదు" అన్నాడు. అటువైపు సీటు ఆయన మనిషి, "ఆ గదికి ఎన్ని ఓట్లు?" అని అడిగాడు. లేవని చెప్పారు. టీ కూడా ఇవ్వలేదని మావయ్య చాలారోజులు చెప్పుకున్నాడు.

ఆ ఆదివారం గదిలోనే మీటింగు. అమ్మ పాఠం ఆపి పిల్లల్ని పంపేసింది. నేను బీరువా పక్కన కూర్చున్నాను.

"బుధవారం నాడు సాహెబ్ వత్తన్నాడు," అన్నాడు మేస్త్రీ మావయ్య. "ముప్పై యేళ్ళు ఇనస్పెక్షన్లు సూసినోణ్ని. ఆఫీసరు దిగీగానే ముందుగాల ఏటి సూత్తాడు?"

"కాయితాలు," అన్నాడు నాన్న.

"కాదు. తెలుపు. తెల్లగా మెరిసిపోవాల. సున్నం ఏసి, రాళ్ళకి సున్నం ఏసి, ఆ వేపసెట్టు మొదలుకి సున్నం ఏసి, కింద ఎర్రమట్టి గేరుతో గీత లాగినామంటే సాహెబ్ సగం మెత్తబడతాడు. గది నదరుగా ఉండాల ముందు."

అందరూ తలలూపారు. రైల్వే వాళ్ళకు ఇది నరాల్లో ఉంటుంది. పెద్ద ఆఫీసరు వస్తున్నాడంటే స్టేషను అంతా సున్నం కొట్టాలి. కదలనిది ఏదైనా సరే సున్నం కొట్టాలి. ఒకసారి ఇలాంటి ఇనస్పెక్షనుకు ప్లాట్‌ఫారం మీద పడుకున్న మేకకు కూడా వేశారని మావయ్యే చెప్పేవాడు, మేక అప్పుడు కదలలేదట.

నేను మాత్రం తల ఊపలేదు. ఎందుకంటే రుజువు ఆ గది బయటి గోడ మీదే ఉంది. మొదటి ఎన్నికలప్పుడు పెయింటరు గేరుతో రాసిన రాత. మా పాత సీటు పేరు, బూత్ నంబరు. బూత్ మారిపోయాక ఆ గోడను ఎవరూ పట్టించుకోలేదు, మళ్ళీ సున్నం వేయలేదు. ఎర్రమట్టి రంగు వెలిసిపోయి దగ్గరికెళ్తేనే కనిపించేది. రోజూ దగ్గరికెళ్ళేది నేనొక్కదాన్నే.

అమ్మ మోచేతిని గిల్లాను. "అమ్మా, గోడ మీద పాత సీటు పేరు ఉంది. దాని మీద సున్నం వెయ్యకూడదు."

"ఒలే, నా సెవిలోన గొణిగితే ఏటి ఇనపడతాది? ఆలకి సెప్పు. గట్టిగా సెప్పు."

మేస్త్రీ మావయ్య ఇటు తిరిగాడు. "ఏటి తల్లీ? ఏటో అంటన్నావు?"

గదిలో పదిహేనుమంది నా వైపు చూశారు.

"ఏమీ లేదు మావయ్యా," అన్నాను.

ఆ రోజు డైరీలో ఇలా ఉంది: "చెప్పలేదు. రేపు నాన్నతో చెబుతాను." సోమవారం నాన్నకు పొద్దున డ్యూటీ, నాకు బస్సు. సాయంత్రం వచ్చేసరికి గది తెల్లగా మెరిసిపోతోంది. వాలు అరుగు తెలుపు. కుళాయి గట్టు తెలుపు. వేపచెట్టు నడుం దాకా తెలుపు. గోడ మీద మా నియోజకవర్గం లేదు. మావయ్య చేతులకు సున్నంతో నిలబడి, "ఎలగున్నాది?" అని అడిగాడు.

"బాగుంది మావయ్యా," అన్నాను. అది కూడా డైరీలో ఉంది.

ఆ రాత్రి నాన్నకు చెప్పాను. నాన్న అన్నం కలుపుతున్నవాడల్లా ఆగిపోయాడు. తిట్టలేదు. "మరి ఆదివారం అంతమంది కూసున్నాం కదే," అన్నాడు. అంతే. తిట్టి ఉంటే బాగుండేది.

బుధవారం సెలవు పెట్టాను. అధికారి పదకొండు గంటలకు జీపు దిగాడు. నలభై ఏళ్ళుంటాయి, తొందరలో ఉన్నాడు. వెంట ఒక గుమస్తా, చంకలో ఫైలు. మేస్త్రీ మావయ్య బంతిపూల దండ వేశాడు. అధికారి గదిని, రాళ్ళను, చెట్టును చూశాడు.

"కొత్తగా కట్టారా?" అని అడిగాడు హిందీలో.

అంత తెల్లగా ఉంటే ఎవరైనా అదే అనుకుంటారు. మావయ్య రెండు చేతులూ అడ్డంగా ఊపాడు.

"కాదు సాబ్, పాతది! ఇరవై ఏళ్ళనాటిది! ఇక్కడ ఓట్లు పడేవి సాబ్! గోడ మీద సీటు పేరు రాసి ఉండేది!" అన్నాడు హిందీలో. గోడ మీది రాత సంగతి నాన్న ముందురోజు ఆయనకు చెప్పాడు.

"ఎక్కడ?"

"సున్నం వేశాం సాబ్."

"ఎప్పుడు?"

"సోమవారం సాబ్. మీరొస్తున్నారని."

గుమస్తా ఫైలు అడ్డం పెట్టుకుని నవ్వాడు. ఏ గోడ అని అధికారి అడిగితే కాలనీలో ఒక్కొక్కరు ఒక్కో గోడ చూపించారు. తలుపు పక్కన అన్నాడొకాయన. వెనక అన్నాడు ఇంకొకాయన. లోపల అన్నవాళ్ళు కూడా ఉన్నారు. ఇన్నేళ్ళుగా దాని పక్కనుంచి నడిచినవాళ్ళే అందరూ. అధికారి గడియారం చూసుకుని, దండ తీసి నాన్న చేతికిచ్చి, జీపు వైపు రెండడుగులు వేశాడు.

"నా దగ్గర రాసి ఉంది," అన్నాను.

హిందీలోనే అన్నాను. ఎంత మెల్లగా అన్నానంటే, అన్నానో లేదో అని నాకే అనుమానం వచ్చింది. కానీ అధికారి ఆగాడు. సంచిలోంచి నా మొదటి డైరీ తీసి ఇచ్చాను. ఆయన తిరగేసి, తెలుగు చూసి తిరిగిచ్చాడు. అట్ట మీద అచ్చయిన సంవత్సరం మీద వేలు పెట్టాడు.

"ఇది ఎన్నికలకు ముందు ఏడాది డైరీ కదా?"

"మాకు ఎప్పుడూ కిందటేడు డైరీలే ఇస్తారు సార్. కొత్తవి ఆఫీసర్లకు."

ఆయన గుమస్తా వైపు చూశాడు. గుమస్తా తన చేతిలో ఉన్న డైరీని మెల్లగా వెనక్కి పెట్టుకున్నాడు. అదీ కిందటేడుదే.

"సరే, చదవండి. హిందీలో చెప్పండి. ఇతను పంచనామాలో రాస్తాడు. పూర్తిగా చదవాలి, మధ్యలో వదలకూడదు."

పూర్తిగా అంటే ఏమిటో నాకు తెలుసు. ఆ పేజీ చాలాసార్లు చదువుకున్నాను. మేస్త్రీ మావయ్య ముందే నిలబడి ఉన్నాడు. ఆయన పక్కన నాన్న, వెనక అమ్మ. గది గోడ చూశాను. కిటికీలోంచి బీరువా కనిపించింది. చదివాను.

"ఈ రోజు బడి లేదు. రేపు ఓట్లు. పెయింటరు వచ్చి గేరుతో గది గోడ మీద రాశాడు. రోడ్డు వైపు కిటికీకి కుడి పక్కన. పైన మా సీటు పేరు, కింద బూత్ నంబరు. నేను గోడకు ఆనుకుని నిలబడితే కింది వరస నా తలకు బెత్తెడు పైన ఉంది."

"ఆఁ, తరువాత?"

"మేస్త్రీ మావయ్య పొద్దున ఒక పార్టీ వాళ్ళతో తిరిగి జిందాబాద్ అన్నాడు. సాయంత్రం రెండో పార్టీ వాళ్ళతో తిరిగి జిందాబాద్ అన్నాడు. రెండుచోట్లా పకోడీలు పెట్టారు. మావయ్యకు గొంతు పోయింది. అత్త మిరియాల కషాయం ఇచ్చింది."

కాలనీ అంతా ఒక్కసారి గొల్లున నవ్వింది. మావయ్య నవ్వలేదు. గుమస్తా రాసుకుంటూ, "పకోడీ కూడా రాయాలా సార్?" అని అడిగాడు.

"రాయి. పూర్తి ప్రకటన కదా."

మరుసటి పేజీ పోలింగు రోజుది. అదీ చదవమన్నాడు. "అమ్మ నన్ను కూడా తీసుకెళ్ళింది. నాన్న చెప్పిన గుర్తుకు వెయ్యలేదట. నాన్నకు చెప్పొద్దంది." నాన్న మెల్లగా వెనక్కి తిరిగి అమ్మ వైపు చూశాడు. అమ్మ వేపచెట్టు వైపు చూసింది.

"ఇంకా ఉందా?"

ఇంకొక్క వాక్యం ఉంది. "పెద్దయ్యాక నేను మైకులో మాట్లాడతాను."

అది కూడా చదివాను. దానికి మాత్రం ఎవరూ నవ్వలేదు. గుమస్తా అది కూడా రాశాడు.

అధికారి నుదురు రుద్దుకున్నాడు. "అమ్మా, బాగానే రాశావు. కానీ చిన్నపిల్ల డైరీని నేను పైవాళ్ళకు ఏమని చూపించను? కంటికి కనిపించేది ఏదైనా ఉండాలి."

నేను రోడ్డు వైపు కిటికీ దగ్గరికెళ్ళి కుడి పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. తొమ్మిదేళ్ళప్పుడు నా తల ఎక్కడుండేదో చెయ్యి పెట్టి చూపించాను. ఇప్పుడది నా భుజం కంటే కిందికి వచ్చింది. దానికి బెత్తెడు పైన చెయ్యి ఆనించి, "ఇక్కడ సార్," అన్నాను. తెల్లటి గోడ. ఏమీ లేదు.

ఎవరో తాపీ తెస్తానన్నారు, గోకుదామని. అప్పుడు మేస్త్రీ మావయ్య గొంతు లేచింది.

"ఆగండెహె! గోకితే గేరు కూడా రాలిపోద్ది. బాల్టీ తెండి. నీళ్ళు తెండి."

"నీళ్ళెందుకు మావయ్యా?"

"సున్నం తడిస్తే అద్దంలాగ అయిపోద్ది తల్లీ. కిందన ఏటుందో కనపడతాది. ఒక్క కోటే ఏసినాం. ముప్పై యేళ్ళు సున్నం కొట్టినోణ్ని, నాకు తెల్దా?"

కుళాయిలో నీళ్ళు రావడం లేదు. ఇళ్ళలోంచి బిందెలు వచ్చాయి. మావయ్య నీళ్ళు విసిరి కొట్టలేదు, గుడ్డ ముంచి పైనుంచి పిండుతూ నీళ్ళు జారవిడిచాడు, పసిబిడ్డకు తలంటినట్టు. గోడ బూడిదరంగుకు తిరిగింది. కాసేపు ఏమీ లేదు. తరువాత తెలుపు లోపలినుంచి ఎర్రటి గీత ఒకటి పైకొచ్చింది. దాని పక్కన ఇంకొకటి. సీటు పేరులో చివరి సగం, కింద నంబరు మొత్తం.

"ఫోటో తీయండి సాబ్! తొందరగా! ఆరిపోతే ఎల్లిపోద్ది!" అని మావయ్య తెలుగూ హిందీ కలిపి అరిచాడు.

అధికారి మొబైల్ తీశాడు. గుమస్తా తీశాడు. మొదటి ఫోటోలో మేస్త్రీ మావయ్య మోచెయ్యి పడిందని మళ్ళీ తడిపి మళ్ళీ తీశారు. అయిదు నిమిషాల్లో ఎండకు గోడ ఆరి, మా నియోజకవర్గం మళ్ళీ మాయమైంది. దాని బతుకంతా అంతే కదా, అవసరమైనప్పుడు కాసేపు కనబడడం.

పంచనామా మీద అయిదుగురు సాక్షులు సంతకం పెట్టాలి. ప్రెసిడెంటు కనుక మొదటి సంతకం మేస్త్రీ మావయ్యది. రెండు పార్టీలకూ జిందాబాద్ కొట్టి రెండు చోట్లా పకోడీలు తిన్నట్టు, గొంతు పోయినట్టు, సర్కారు కాగితం మీద ఉన్నదంతా నిజమేనని ఆయన సంతకం పెట్టాడు. పెన్ను తిరిగిస్తూ నా వైపు చూశాడు.

"మిరియాల కషాయం కాదు తల్లీ. శొంఠి," అన్నాడు.

రెవెన్యూ అధికారి నిజాయితీగానే పనిచేశాడు. ఫైలులో ఏం రాశాడో తరువాత నాన్న చదివి చెప్పాడు. ఈ కట్టడం ఫలానా నియోజకవర్గం పోలింగు కేంద్రంగా ప్రజల వాడుకలో ఉన్నట్టు రుజువైంది కనుక, తొలగించే ముందు ఆ నియోజకవర్గానికి సంబంధించిన అధికారి అభ్యంతరం లేదని రాసివ్వాలి, అంతవరకు ఎక్కడిది అక్కడే ఉండాలి.

ఆ నియోజకవర్గానికి సంబంధించిన అధికారి ఎవరూ లేరు. అసలు ఆ నియోజకవర్గమే లేదు. కానీ ఫైలుకు ఆ సంగతి తెలియదు. అది ఒక ఆఫీసుకు వెళ్తుంది, వాళ్ళు "మాకు సంబంధించినది కాదు" అని రాసి ఇంకో ఆఫీసుకు పంపుతారు. ఒకసారి అది నయా రాయపూర్‌లో మా ఆఫీసుకే వచ్చింది. ఉత్తరాల కట్టలో మా పాత సీటు పేరు చూసి ఆ ఫైలును రెండుసార్లు తిరగేశాను. పక్క బల్లామె, "ఏమైంది, ఏదైనా అర్జెంటా?" అని అడిగింది. కాదన్నాను. రూలు ప్రకారం నంబరు వేశాను. రూలు ప్రకారం వచ్చిన తేదీ రాశాను. మా సెక్షనుకు సంబంధించినది కాదు కనుక, రూలు ప్రకారమే ముందుకు పంపాను. ఉద్యోగంలో చేరాక నేను అంత సంతోషంగా చేసిన పని ఇంకొకటి లేదు.

గది అలాగే ఉంది. రోడ్డు వెడల్పు చేసేవాళ్ళు గది దగ్గరికి వచ్చి, కొంచెం వంపు తిప్పుకుని ముందుకు వెళ్ళారు. రేకుల చిల్లులు కూడా అలాగే ఉన్నాయి. వానాకాలంలో గాలివాన రోడ్డు వైపు నుంచి కొడితే గోడ తడుస్తుంది, ఎర్రటి అక్షరాలు బయటికొస్తాయి. అమ్మ దగ్గర చదువుకునే పిల్లలు కిటికీలోంచి తలలు బయటికి పెట్టి ఆ హిందీ అక్షరాలు కూడబలుక్కుంటారు. "టీచరమ్మా, అది ఏ ఊరు?" అని అడుగుతారు. "ముందు నీ గుణింతాలు సూడు," అంటుంది అమ్మ. ఆమె ఎవరికి ఓటేసిందో నాన్న ఇంతవరకూ అడగలేదు. నాకు మాత్రం డైరీకి ఒక తాళం కొనిచ్చాడు.

కాలనీలో నాతో మాట్లాడే పద్ధతి మారింది. ఇంతకుముందు నన్ను చూసినా చూడనట్టు పోయేవాళ్ళు ఇప్పుడు చూసి, గొంతు తగ్గించి, ఆచితూచి మాట్లాడతారు. నేను ఇప్పటికీ పెద్దగా మాట్లాడను. మాట్లాడని మనిషిని చూసి జనం ఇంతగా భయపడతారని నాకు తెలియదు.

కిందటి ఎన్నికలకు ముందు ఇటువైపు సీటు అభ్యర్థి మనుషులు ఊరు శుభ్రం పేరుతో సున్నం డ్రమ్ముతో వచ్చారు. కాలనీ గోడలన్నీ కొట్టుకుంటూ సందు దాటి గది దగ్గరికి వచ్చేసరికి, మేస్త్రీ మావయ్య రోడ్డు వైపు కిటికీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని ఉన్నాడు. వాళ్ళు ఎంత బతిమాలినా లేవలేదు. సున్నం వద్దని ఆయన అనడం కాలనీ పుట్టాక అదే మొదటిసారి.

నేను బస్సు దిగి వస్తుంటే పిలిచాడు.

"తల్లీ, సూసినావా? ఒక్క బ్రష్షు పడనిచ్చినానేటి?"

"లేదు మావయ్యా."

"మరి ఈయేళ ఇది రాసీ. తారీకు ఏసి రాయి. ఆ పకోడీల కిందన ఇది కూడా ఉండాల."

ఇదిగో, రాశాను.